మొక్క కంటే ముందు మన్ను

మీ ఊరి పక్కన కొండవాలులోనో, బీడులోనో గ్రావెల్ తవ్వి వదిలేసిన గుంటను మీలో చాలామంది చూసే ఉంటారు. కొన్ని జిల్లాలలో దీనినే మొరం అంటారు. రోడ్లకూ, ఇళ్ల పునాదులకూ అది కావలసిందే. తవ్వవద్దని నేను అనను. కాని తవ్వకం ఆగి ఏళ్లు గడిచినా ఆ గుంటలో గడ్డి కూడా సరిగా మొలవదు. వానాకాలంలో మొక్కలు నాటుతారు. ఎండాకాలానికి పుల్లలు మిగులుతాయి. తప్పు మొక్కదా? కాదు. అక్కడ మన్ను లేదు!

"గ్రావెల్ కూడా మన్నే కదా!" అంటారేమో. నేలను నిలువుగా కోసి చూస్తే, పైన జానెడు మేర గుల్లగా, కొంచెం ముదురు రంగులో ఒక పొర కనిపిస్తుంది. అదే పైమన్ను. కుళ్లిన ఆకులతో ఏర్పడిన హ్యూమస్, వానపాములు, బూజులు, కోటానుకోట్ల బాక్టీరియాలు ఉండేది ముఖ్యంగా ఇందులోనే. అంగుళం పైమన్ను తయారు కావడానికి ప్రకృతికి వందల ఏళ్లు పడుతుంది. గ్రావెల్ దాని కింద ఉంటుంది. కనుక తవ్వేవారు మొట్టమొదట తీసి పారేసేది పైమన్నునే!

నమ్మకం కుదరకపోతే రెండు డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టండి. ఒకదానిలో చెట్టు కింది మన్ను, రెండవదానిలో గ్రావెల్ నింపి పెసలు చల్లండి. రెండింటిలోనూ మొలకలు వస్తాయి. ఎందుకంటే మొలకకు కావలసిన తొలి ఆహారం బీజదళాలలోనే ఉంటుంది. అది అయిపోయాక ఏ మొక్క పచ్చగా ఉందో నెల రోజులు గమనించి రాసుకోండి.

పైమన్ను పోయిన చోట మళ్లీ చెట్లు పెంచలేమా? పెంచగలం. కాని అది ఎంత కష్టమో కెన్యా దేశంలో జరిగిన ఒక ప్రయత్నం చెబుతుంది. మొంబాసా నగరం దగ్గర సిమెంటు కోసం సున్నపురాయి తవ్విన గనిలో 1971లో రెనే హాలర్ అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు పని మొదలుపెట్టాడు. 26 జాతుల చెట్లు నాటితే మూడే బతికాయి. వాటిలో ఒకటి మన కోస్తా రైతులు పెంచే సరుగుడు. దాని వేరు బుడిపెలలోని ఫ్రాంకియా అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తాయి. సరుగుడు పెరిగింది. కాని రాలిన ఆకు కుళ్లలేదు. ఆకు కుళ్లనిదే హ్యూమస్ రాదు. అప్పుడు ఆదుకున్నది ఎవరో తెలుసా? మనం కాలితో పక్కకు నెట్టేసే రోకలిబండ! అది ఆ ఆకును తినడం గమనించి, హాలర్ వందల కొద్దీ రోకలిబండలను తెచ్చి వదిలాడు. అవి నమిలి విసర్జించిన దానిపై బాక్టీరియాలు పనిచేశాయి. హ్యూమస్ ఏర్పడింది, ఇతర చెట్లు ఆ తరువాతే నిలదొక్కుకున్నాయి.

ఇంత శ్రమ మనకెందుకు? తవ్వే ముందే పైమన్నును విడిగా తీసి, ఎత్తుగా పోయకుండా పరచి, దాని మీద గడ్డి పెంచి కాపాడవచ్చు. తవ్వకం ముగిశాక గుంట అంచులను వాలుగా సరిచేసి, గట్టిపడిన అడుగును దున్ని, ఆ మన్నును తిరిగి పరచాలి. మొదట జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట, గడ్డి. ఆ పైన తంగేడు, కానుగ, వేప. ఇదీ వరుస.

1957 నాటి గనుల చట్టం గ్రావెల్‌ను చిన్నతరహా ఖనిజాలలో చేర్చింది. చిన్న ఖనిజమే అయినా దాని గుంట చిన్నది కాదు. పైమన్నును తిరిగి పరచనిదే ఏ గుంట పనీ పూర్తయినట్లు లెక్కవేయరాదని నా అభిప్రాయం.

మీరు ఆ గుంటలలోకి మాత్రం దిగకండి. నీరు నిలిస్తే లోతు తెలియదు. కాని మీ ఊళ్లో కొత్తగా తవ్వకం మొదలైతే, "ఎన్ని మొక్కలు నాటుతారు?" అని కాదు, "పైమన్ను ఎక్కడ దాచారు?" అని పెద్దలను అడగండి.