లోహం మీద మీగడ

కాచిన పాలు చల్లారితే మీగడ కడుతుంది. గాలియం అనే లోహానిదీ అదే తీరు! ఇది 30 డిగ్రీల లోపే కరుగుతుంది. ఎండాకాలంలో కుల్కచర్లలో నీడన పెట్టినా నీరుగారిపోవాల్సిందే. కరిగిన గాలియానికి గాలి తగిలితే పైన పలుచని ఆక్సైడ్ పొర కడుతుంది. మెల్‌బోర్న్‌లోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2017లో ఆ పొరను సిలికాన్ పలక మీదికి అచ్చు వేసినట్లు దించారు. దానికి గంధకం చేర్చి గాలియం సల్ఫైడ్ అనే సెమీకండక్టర్‌గా మార్చారు. మందం సుమారు 1.5 నానోమీటర్లు... అంటే వెంట్రుకలో దాదాపు 50 వేలో వంతు! ఇంత పలుచని పొరను పెద్ద పలక నిండా సమంగా పరచడమే అసలు చిక్కు. ఆ పనిని మీగడే చేసిపెడితే, చిప్‌లను మరింత చిన్నగా చేసేందుకు దారి దొరికినట్లే.