చెట్టు రైతుదైతే క్రెడిట్టూ రైతుదే

రఘునాథపల్లి చుట్టుపక్కల ఎర్రచెలకల్లో సర్కారు తుమ్మ కమ్మేసిన చెక్కలు కనిపిస్తూనే ఉంటాయి. పత్తికి పెట్టిన పెట్టుబడి తిరిగిరాక కొందరు, పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడి మరికొందరు సాగు వదిలేశారు. అలాంటి భూముల్లో మన చెట్లు పెంచి, అవి పీల్చుకున్న కార్బన్‌ను క్రెడిట్లుగా అమ్ముకోవచ్చంటున్నారు. నాకిది మంచి దారే అనిపిస్తుంది, క్రెడిట్ మీద హక్కు రైతుకే ఉంటే.

మనవాళ్లు ఈ పని ఎప్పుడో చేసి చూపించారు. 2002లో పాత ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ మహిళలు 4,500 కానుగ మొక్కలు నాటారు. మరుసటేడు ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో జరిపిన ఒక సదస్సు కాలుష్యానికి బదులుగా వాళ్ల సంఘం దగ్గర 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపును కొన్నది. డీజిల్ బదులు కానుగ నూనె వాడితే పదేళ్లలో తగ్గే కాలుష్యం లెక్క అది. ముట్టింది 645 డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 29 వేల రూపాయలు. చిన్న మొత్తమే, కానీ నాటినవాళ్ల సంఘానికే చేరింది.

2009లో ఖమ్మం జిల్లాలో ఐటీసీ పథకం ఐక్యరాజ్యసమితి కార్బన్ జాబితాకెక్కింది. అక్కడ వేసింది జామాయిల్. అది త్వరగా ఎదుగుతుంది, కాగితం మిల్లుకు కర్ర ఇస్తుంది. కానుగ, వేప, నల్లమద్ది, నేరేడు అంత తొందరగా పెరగవు. అయినా నేను వీటివైపే. కానుగ రొట్ట వరి మడిలో తొక్కితే ఎరువవుతుంది, గింజ నూనెకు పోతుంది. నేరేడు కాయ సంతలో అమ్ముడుపోతుంది. క్రెడిట్ ధర పడిపోయినా ఇవి చేతిలో ఉంటాయి.

కార్బన్ లెక్క నాటిన మొక్కలను బట్టి రాదు, బతికినవాటిని బట్టి వస్తుంది. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున టేపు చుట్టి మాను కొలుస్తారు. దాన్నిబట్టి ఎండు కట్టె బరువు కడతారు. అందులో దాదాపు సగం కార్బన్. దాన్ని 3.67తో హెచ్చవేస్తే బొగ్గుపులుసు వాయువు లెక్క తేలుతుంది. టన్నుకు ఒక క్రెడిట్. బొటనవేలంత మొక్కకు ఈ లెక్కలో ఏమీ రాదు. కాబట్టి తొలి ఏళ్లలో చేతికి పైసా అందదు. ఎండాకాలం నీళ్లు ఎవరు పోస్తారు, కంచె ఖర్చు ఎవరిది? ముందే తేల్చుకోవాలి.

ఇంకో మాట. పట్టాదారుకు బీడైనది గొర్ల కాపరికి మేత. చుట్టూ కంచె వేసేస్తే మంద ఎటు పోవాలి? కౌలుకు దున్నుకునేవాళ్ల సంగతేమిటి? వీళ్లను కూర్చోబెట్టి మాట్లాడకుండా గుంత తీయొద్దు.

ఒప్పందాలు ఇరవై, ముప్పై ఏళ్లకు ఉంటాయి, అంటే కొడుకుల కాలం దాకా కట్టుబడటమే. సంతకం పెట్టేముందు కాగితాన్ని తెలుగులో రాయించి గ్రామసభలో చదివించండి. అమ్మకంలో రైతు వాటా ఎంత, చెట్లు ఎండితే నష్టం ఎవరిది, మధ్యలో మానుకుంటే ఏం కట్టాలి, ఈ మూడూ అందులో రాసి లేకపోతే వేలిముద్ర వేయొద్దు.