దేవుడు వరమిచ్చినా...

మదనపల్లె బస్‌స్టాండులో మీరు కుప్పానికి టిక్కెట్టు కొన్నారనుకోండి. బస్సు బయలుదేరి పుంగనూరు చేరింది. అక్కడ కండక్టరు లేచి నిలబడి, "అయ్యా, బస్సును చూశారు గదా, ఎక్కారు గదా, కిటికీ పక్కన కూర్చొని గాలి కూడా పీల్చారు. ఇక దయచేయండి" అన్నాడనుకోండి. మీరేమంటారు? మర్యాదస్థులైతే టిక్కెట్టు చూపించి, "ఇందులో కుప్పమని ఉందే!" అంటారు. అంత మర్యాద లేనివారు అనే మాటలు పత్రికలో అచ్చు వేయడానికి వీలుండదు.

బస్సు టిక్కెట్టు విషయంలో మనకున్న ఈ స్పష్టత ఆటల టిక్కెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మాయమైపోతుంది. బస్సువాడు మోసం చేస్తే ఊరంతా మనవైపు నిలుస్తుంది. ఆటవాడు మోసం చేస్తే, "అంత డబ్బు పోసి ఎవడు వెళ్ళమన్నాడు నిన్ను?" అని ఇంట్లోవాళ్ళే అంటారు. ఫుట్‌బాల్ అభిమానుల గోడు వింటున్నకొద్దీ నాకు ఈ సంగతే మనసులో మెదులుతూ ఉంది.

పెద్ద క్లబ్బులకు ఏడాదిలో తొమ్మిది, పది నెలలు పోటీలుంటాయి. తరువాత కొంతకాలం విశ్రాంతి. మళ్ళీ పోటీలు మొదలయ్యేముందు కొన్ని వారాలు ఆటగాళ్ళ ఒళ్ళు దారికి రావడానికి కేటాయిస్తారు. మొదట మెల్లని పరుగు, తరువాత బంతి సాధన, ఆపైన గెలుపోటముల పట్టింపులేని స్నేహపు ఆటలు. దీనికంతటికీ సొంత ఊరి మైదానమే చాలు. కాని సముద్రాల కవతల కూడా అభిమానులున్నారు. వారి జేబుల్లో డబ్బు ఉంది. అందుచేత సాధన కోసం పెట్టుకొన్న వారాలు కాస్తా దేశాటనకు మళ్ళాయి. దుక్కికి ముందు ఎద్దులను మేపి బలపరచవలసిన రైతు వాటిని ఊరూరా బాడుగకు తోలినట్లయింది. తీరా అరక కట్టే వేళకు ఎద్దు కుంటుతుంది. బాడుగ ఇచ్చినవాడికీ తృప్తి ఉండదు.

ఇటలీ దేశపు జువెంటస్ క్లబ్బు 2019 జూలైలో తూర్పు దేశాల యాత్ర పెట్టుకొన్నది. 21వ తేదీన సింగపూరులో ఆట, 24న చైనాలోని నాన్జింగ్‌లో ఆట, 26న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఆట. సియోల్‌కు విమానం చేరినదే ఆట రోజున. ప్రేక్షకులు వచ్చి కూర్చొన్నారు, ఆటగాళ్ళు రాలేదు. ఆట ఇంచుమించు గంట ఆలస్యంగా మొదలైంది. అదైనా ఓర్చుకొనేవారే. రొనాల్డో కనీసం 45 నిమిషాలు ఆడతాడని ఒప్పందంలో రాసుకొన్నారు. ఆ మాట చెప్పే టిక్కెట్లమ్మారు. ఆయన బెంచీ మీద కూర్చొన్నవాడు కూర్చొన్నట్లే ఉండి వెళ్ళిపోయాడు. ఆట 3-3తో సమానంగా ముగిసింది. ఆరు గోల్సు చూచి కూడా జనం కోపంతో ఇంటికి పోయారంటే, వారు కొన్నదేమిటో, వారికి దక్కినదేమిటో ఊహించుకోవచ్చు.

కాని కొరియావారు ఊరుకోలేదు. ఇద్దరు అభిమానులు కోర్టుకు వెళ్ళారు. 2020 ఫిబ్రవరిలో ఇంచియాన్ న్యాయస్థానం నిర్వాహకుల చేత ఒక్కొక్కరికి 3,71,000 వాన్లు చెల్లించమని తీర్పు చెప్పింది. అందులో టిక్కెట్టు ధర కొంతే. మిగిలిన పెద్ద భాగం వారు పడ్డ మనోవేదనకు. ఆటకు వెళ్ళి నిరాశపడడం కూడా ఒక నష్టమేనని, దానికి వెల కట్టవచ్చునని న్యాయస్థానం ఒప్పుకొన్నదన్న మాట.

అయిదేళ్ళు తిరగకుండానే హాంకాంగ్‌లో అదే కథ. మెస్సీ ఆడే ఇంటర్ మయామీ క్లబ్బు 2024 ఆరంభంలో బయలుదేరింది. వారి తిథివార నక్షత్రాలు వినండి: జనవరి 19న ఎల్ సాల్వడార్, 22న డల్లాస్, 29న సౌదీ అరేబియాలోని రియాద్, ఫిబ్రవరి 1న మళ్ళీ రియాద్, 4న హాంకాంగ్, 7న టోక్యో. ఇరవై రోజుల్లో ఆరు ఆటలు, సగం భూగోళం! మా ఆవిడ ఈ పట్టిక విని, "పెళ్ళిళ్ళ కాలంలో పురోహితుడు కూడా ఇంతగా తిరగడండీ" అన్నది.

హాంకాంగ్‌లో 38,000 మందికి పైగా వచ్చారు. కొన్ని టిక్కెట్లు నాలుగువేల ఎనిమిదివందల హాంకాంగ్ డాలర్లు దాటాయి. మెస్సీకి కండరం పట్టుకొన్నది. ఆయన మైదానంలోకి దిగనే లేదు. ఆయన జట్టు 4-1తో గెలిచినా జనం ఈలలతో, కేకలతో అల్లరి పెట్టారు. క్లబ్బు యజమానుల్లో ఒకరైన బెక్‌హామ్ కృతజ్ఞతలు చెప్పబోతే వినిపించుకొన్నవారు లేరు. మూడు రోజుల తరువాత టోక్యోలో మెస్సీ కొంతసేపు ఆడేసరికి హాంకాంగ్ వారికి పుండు మీద కారం చల్లినట్లయింది. చివరకు నిర్వాహకులు ప్రభుత్వ సహాయంగా రావలసిన కోటీ అరవై లక్షల డాలర్లు వదులుకొన్నారు. టిక్కెట్టు ధరలో సగం తిరిగి ఇస్తామన్నారు.

కండరం పట్టుకొనడం ఎవరి నేరమూ కాదు. ముప్పయ్యారేళ్ళ ఆటగాడిని అన్ని విమానాలెక్కించి, అన్ని ఊళ్ళ వారికీ మాట ఇచ్చినవాడు మాత్రం ముందే ఆలోచించుకొని ఉండవలసింది. గాయమైతే ఏం చేస్తామో టిక్కెట్లు అమ్మేనాడే చెప్పి ఉండవలసింది. ఆట మొదలయ్యేదాకా మూసి ఉంచి, మధ్యలో బెంచీ వైపు చూచి జనం తమంతట తాము తెలుసుకొనేలా చేయడమే అసలు అపరాధం.

ఇవన్నీ దూరదేశాల కథలనుకొంటూ ఉండగా, 2025 డిసెంబరు 13న ఆ కథ మన దేశానికే వచ్చింది. ఇది క్లబ్బు యాత్ర కాదు, ఒక్క మనిషి యాత్ర. మెస్సీతో పాటు ఆయన సహచరులు స్వారెజ్, డీ పాల్ వచ్చారు. ఉదయం కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియం. వేలకు వేలు పోసి టిక్కెట్లు కొన్న జనం. మైదానం చుట్టూ నడిచి అందరికీ కనబడతాడని చెప్పారు. ఆయన వచ్చాడు. వచ్చీరాగానే మంత్రులు, అధికారులు, వారి బంధువులు, ఛాయాచిత్రాలవారు, రక్షకభటులు చుట్టూ మూగారు. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో ఆయన్ను వెనక్కు తీసుకుపోయారు. గ్యాలరీల్లోని వారికి ఆయన తల వెంట్రుక కూడా సరిగా కనబడలేదు.

మా తరగతిలో పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రవాడొకడు ఆ దృశ్యమంతా ఫోనులో చూచి వచ్చి నాతో అన్నాడు: "సార్, ఆయప్పను చూసేదానికి దుడ్డు కట్టినోళ్ళు, ఆయప్ప చుట్టూ ఉండే వీపులు చూసి పోయినారు సార్."

ఇంతకంటె చక్కగా నేను చెప్పలేను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ దేవుడు గర్భగుడి వదిలి ప్రాకారం దాకా వచ్చాడు. పూజారులే తెర కట్టారు. పైగా ఆ పూజారులెవరూ టిక్కెట్టు కొన్నవారు కారు.

తరువాత జరిగినది మీరు చదివే ఉంటారు. సీసాలు విసిరారు, కుర్చీలు విరగ్గొట్టారు. అది తప్పు, ఆ కుర్చీలు రేపు మరొకరు కూర్చోవలసినవి. నిర్వాహకుణ్ణి ఆ రోజే అరెస్టు చేశారు. అప్పటి ముఖ్యమంత్రి మమతా బెనర్జీ క్షమాపణ చెప్పి విచారణ సంఘాన్ని వేశారు. కొద్ది రోజులకే క్రీడల మంత్రి అరూప్ బిశ్వాస్ ఆ శాఖ నుంచి తప్పుకొన్నారు.

మా పాత చిత్తూరు జిల్లా పల్లెల్లో ఇప్పటికీ భారతాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు రోజున అర్జున వేషధారి ఆకాశానికి నిచ్చెన వేసినంత పొడుగున్న మాను ఎక్కుతాడు. పద్యాలు పాడుకొంటూ ఎక్కి, పైనుంచి విభూతి, నిమ్మపండ్లు జనం మీదికి విసురుతాడు. ముందు వరుసలో చాప వేసుకొని కూర్చొన్న ఊరిపెద్దకూ, వెనుక ఎక్కడో బిడ్డను చంకనెత్తుకొని నిలబడ్డ కూలిమనిషికీ ఒకే అర్జునుడు కనబడతాడు. మాను అంత ఎత్తు పెట్టడంలో భక్తి ఎంత ఉన్నదో, ఏర్పాటు అంత ఉన్నది. వచ్చినవాడికి కనబడాలి అన్నది ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన. దాన్ని కనిపెట్టినవారు పెద్ద పెద్ద కంపెనీలు నడిపినవారు కారు.

అదే మెస్సీ అదే రోజు సాయంత్రం హైదరాబాదు వచ్చాడు. ఉప్పల్ స్టేడియంలో పిల్లలతో బంతి ఆడాడు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డితోనూ ఆడాడు. గ్యాలరీల్లోకి బంతులు తన్నాడు. జనం సంతోషంగా ఇళ్ళకు వెళ్ళారు. మదనపల్లె నుంచి రాత్రి బస్సులో వెళ్ళివచ్చిన ఇద్దరు విద్యార్థులు మరునాడు కళ్ళు ఎర్రగా చేసుకొని తరగతిలో కూర్చొన్నారు. "ఎలా ఉందిరా?" అంటే, "దూరంగానే గాని సార్, బాగా చూస్తిమి" అన్నారు. మనిషీ ఒకడే, రోజూ ఒకటే. మారినదల్లా ఆయనకూ జనానికీ మధ్య ఉన్న ఖాళీ స్థలం. ఆ ఖాళీని కాపాడడాన్నే ఏర్పాటు అంటారు.

"అయినా ఒక మనిషిని చూడడానికి అన్ని వేలా?" అని అడిగేవారున్నారు. మా ఇంట్లోనూ ఉన్నారు. నేను అభిమానుల పక్షమే. మండీకి టమోటాలు తోలి, ధర వచ్చిన రోజున కొడుక్కు టిక్కెట్టు డబ్బులిచ్చిన తండ్రి ఉంటాడు. ఏడాదిపాటు సినిమాలు మానుకొని కూడబెట్టిన కుర్రవాడు ఉంటాడు. వారు కొన్నది వ్యర్థమో సార్థకమో తేల్చడం మన పని కాదు. అమ్మినవాడు మాట నిలబెట్టుకొన్నాడా లేదా అన్నదే మన ప్రశ్న. బీదవాడి సరదాను తేలిక చేసి మాట్లాడితే, దాన్ని కాజేసినవాడికి వకాల్తా పుచ్చుకొన్నట్లే.

వెనుకటి రోజుల్లో వచ్చినవారు ఆడిపోయేవారు. 1977 సెప్టెంబరు 24న పెలే కాస్మోస్ జట్టుతో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చాడు. వానకు తడిసిన మైదానంలోనే దిగి మోహన్ బగాన్‌తో ఆడాడు, ఆట 2-2. ఇదే మెస్సీ 2011 సెప్టెంబరు 2న ఇదే సాల్ట్ లేక్‌లో అర్జెంటీనా తరఫున వెనిజులా మీద ఆడాడు, 1-0తో గెలిచారు. అప్పుడు అమ్మినది ఆట. ఆటగాడు అందులో భాగం. ఇప్పుడు అమ్ముతున్నది పేరు. ఆటకు నిడివి ఉంది, తొంభై నిమిషాలని. పేరుకు నిడివి ఏమిటి? ఇరవై నిమిషాలు కూడా ఎక్కువేనని నిర్వాహకుడు వాదించవచ్చు.

ఇందులో తెలుగువారి బాధ మరొకటి ఉంది. హైదరాబాదు ఫుట్‌బాల్‌కు కొత్త ఊరు కాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన ఎస్.ఎ. రహీం శిక్షణలోనే భారతదేశం 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం పొందింది. సికింద్రాబాదు వాడైన తులసీదాస్ బలరాం ఆ కాలపు మేటి ఆటగాడు. నిన్నమొన్న 2022లో హైదరాబాదు ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. తరువాత అప్పుల పాలై, చేతులు మారి, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. ఉప్పల్‌లో ఒక్క సాయంత్రానికి అంత జనం పోగైన ఏడాదిలోనే, ఏడాది పొడుగునా ఆడవలసిన మన జట్టు ఊరు విడిచిపోయింది. విందుకు వచ్చిన అతిథికి బ్యాండుమేళం, ఇంటి బిడ్డకు రైలు టిక్కెట్టు!

కుప్పంలో నా పాత శిష్యుడొకడు బట్టల అంగడి నడుపుతున్నాడు. వీలు దొరికినప్పుడల్లా రైలెక్కి బెంగుళూరు కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్.సి. ఆట చూచి వస్తాడు. మెస్సీ సంగతి ఎత్తితే నవ్వి, "నేను చూసేవాళ్ళు అంత పేరున్నోళ్ళు కాదు సార్. కానీ గెలిచినా ఓడినా, పెట్టిన టైముకు వస్తారు, తొంభై నిమిషాలు ఆడతారు" అన్నాడు. వ్యాపారస్థుడు గదా, సరుకు, తూకం రెండూ చూస్తాడు.

ఇకమీదట ఇలాంటి యాత్రలు పెట్టేవారు మూడు సంగతులు టిక్కెట్టు మీదనే అచ్చు వేయాలి. ఒకటి: వచ్చేవారు ఆడతారా, నడుస్తారా, చేయి ఊపుతారా, ఎంతసేపు. రెండు: అది జరగకపోతే డబ్బు ఎంత, ఎన్నాళ్ళలో తిరిగి ఇస్తారు. మూడు: మైదానంలోకి టిక్కెట్టు లేకుండా దిగేవారు ఎందరు. మొదటి రెండూ రాయించవచ్చుననే నా నమ్మకం. మూడోది రాయాలంటే మాత్రం టిక్కెట్టు కాగితం చాలదు. ఓటర్ల జాబితా అంత పుస్తకం కావాలి.