కిలో 584 రూపాయల సరుకుకు రెక్కలెందుకు?

రొయ్య ధర పడిపోయినప్పుడల్లా గోదావరి జిల్లాల్లో వేదికలెక్కిన వాళ్లందరిదీ ఒకటే పాట: ఎయిర్ కార్గో. మధురపూడి విమానాశ్రయం నుంచి కార్గో విమానాలు నడపాలని ఒకరంటారు. భోగాపురం విమానాశ్రయంతో ఆక్వా దశ తిరిగిపోతుందని ఇంకొకరంటారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచాక ఈ పాట మరీ జోరందుకుంది. ఓడల్లో పంపబట్టే గడువు దాటి సుంకం నెత్తిన పడిందట, విమానాలుంటే తప్పించుకునేవాళ్లమట! చదువుకున్నవాళ్లే ఇలా రాస్తున్నారు. వాళ్లలో ఒక్కరైనా కాగితం మీద నాలుగు లెక్కలు వేసుకుని ఉంటే ఈ గోల ఇంత దూరం వచ్చేది కాదు.

సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ప్రకటించిన అంకెల ప్రకారం 2024-25లో మన దేశం నుంచి 7,41,529 టన్నుల ఫ్రోజెన్ రొయ్య విదేశాలకు వెళ్లింది. వచ్చిన సొమ్ము 43,334 కోట్ల రూపాయలు. భాగిస్తే కిలోకు 584 రూపాయలు. 43 వేల కోట్ల మాట ప్రతి మంత్రీ చెబుతాడు, ప్రతి పత్రికా అచ్చేస్తుంది. 584 మాత్రం ఎవరి నోటా రాదు. సరుకు ఓడ ఎక్కాలా, విమానం ఎక్కాలా అన్నది తేల్చేది ఆ చిన్న అంకే.

విశాఖలో ఓడ ఎక్కే నలభై అడుగుల రీఫర్ (శీతల) కంటైనర్లో పాతిక టన్నుల దాకా రొయ్య పడుతుంది. కిరాయి ఎంత మండినా కిలోకు పదుల రూపాయల్లోనే తేలుతుంది. అమెరికాకు విమాన కిరాయి మామూలు రోజుల్లోనే కిలోకు రెండొందల పైమాట, రద్దీ రోజుల్లో నాలుగొందలు. రొయ్య ఒక్కటే తూగదు కదా, చల్లదనం నిలిపే థర్మోకోల్ పెట్టెకూ కిరాయి కట్టాల్సిందే. 584లోంచి రెండొందలు తీసేస్తే మూడో వంతుకు పైగా గాల్లో కలిసినట్టే. మిగిలినదాంట్లో రైతు వాటా, ప్లాంటు కూలి, కరెంటు, వడ్డీ అన్నీ సర్దుకోవాలి. ఈ మూడో వంతు ఎవరి జేబులోంచి పోతుందో చెరువు గట్టున నిలబడిన ఎవరినడిగినా చెబుతారు. వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్య రేటు తెల్లారేసరికి పది రూపాయలు తగ్గించే బయ్యరు, రెండొందల భారం తన నెత్తిన వేసుకుంటాడా?

సుంకం తప్పించుకోవచ్చన్న వాదనకు ఇదీ జవాబు. అదనపు సుంకం ప్రకటనకూ అమలుకూ మధ్య ఉన్నది మూడు వారాలు. ఆ గడువులోపు ఓడ ఎక్కి సెప్టెంబరు 17 లోపు అక్కడ దిగిన సరుకుకు ఆ అదనపు వడ్డన నుంచి మినహాయింపు కూడా ఇచ్చారు. గడువు దాటాక విమానంలో దిగినా అదే సుంకం. అంటే సుంకానికి సుంకం, దాని పైన కిరాయి. మూడు వారాల ముచ్చట కోసం ముప్ఫై ఏళ్లకు విమానాశ్రయాలు కట్టుకోమంటున్నారన్న మాట.

ఇక ‘త్వరగా చేరుతుంది’ అన్న వాదన. మైనస్ 18 డిగ్రీల్లో గడ్డకట్టిన రొయ్య ఏడాదికి పైగా చెక్కుచెదరదు. నలభై రోజుల ఓడ ప్రయాణం దానికో లెక్క కాదు. ఆలస్యానికి అయ్యే ఖర్చల్లా పెట్టుబడి మీద వడ్డీ. 584 రూపాయలకు ఏడాదికి పది శాతం చొప్పున నలభై రోజుల వడ్డీ ఆరు రూపాయల నలభై పైసలు. ఆరున్నర రూపాయలు మిగుల్చుకోవడానికి రెండొందలు తగలేయమనేవాళ్లు తమ సొంత సొమ్ముతో ఆ పని ఒక్కసారి చేసి చూపించాలి.

2023 చివర్లో ఎర్ర సముద్రంలో హౌతీల దాడులు మొదలై ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా కొస చుట్టి వెళ్లాల్సి వచ్చినప్పుడూ ఇదే గోల. ప్రయాణం పది నుంచి పద్నాలుగు రోజులు పెరిగింది. పద్నాలుగు రోజుల వడ్డీ 584 మీద రెండు రూపాయల పాతిక పైసలు. ఓడ కిరాయిలు పెరిగాయి, కంటైనర్లకు కటకట వచ్చింది, నిజమే. అయినా రొయ్య వ్యాపారం విమానాల వైపు మళ్లలేదు. వ్యాపారం చేసేవాళ్లకు తెలిసిన ఈ సంగతి విధానాలు రాసేవాళ్లకు తెలియకపోవడమే విడ్డూరం.

కిరాయి సంగతి పక్కన పెట్టి పరిమాణం చూద్దాం. 2024-25లో అమెరికాకు వెళ్లిన రొయ్య 3.11 లక్షల టన్నులు. పెద్ద కార్గో విమానం బోయింగ్ 777 ఎత్తగలిగేది సుమారు వంద టన్నులు. అంటే ఒక్క అమెరికాకే ఏడాదికి మూడు వేలకు పైగా విమానాలు, రోజుకు ఎనిమిదో తొమ్మిదో ఎగరాలి. వచ్చేటప్పుడు వాటిలో ఏం తెస్తారు? తిరుగు సరుకు లేకపోతే రానూపోనూ ఖర్చంతా రొయ్య మీదే పడుతుంది.

కేంద్రం తీరూ ఇంతే. వ్యవసాయ సరుకుల విమాన రవాణాకు 2021 అక్టోబరులో తెచ్చిన కృషి ఉడాన్ 2.0 పథకంలో సరుకు సరుకుకు ఒక దారి గీశారు. చెన్నై, విశాఖ, కోల్‌కతాల నుంచి తూర్పు దేశాలకు ‘సీ ఫుడ్’ అని ఒక గీత. బతికున్న పీతా సీ ఫుడ్డే, గడ్డకట్టిన రొయ్యా సీ ఫుడ్డే. రెండింటినీ ఒకే పదం కింద తోసేసి ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలు మాఫీ చేస్తే మత్స్య ఎగుమతులు ఎగురుతాయనుకున్నారు. కిలోకు 584 రూపాయలు తెచ్చే సరుకుకు పార్కింగ్ చార్జీ మాఫీ ఏ మూలకు?

ఈ మోజు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మన మధ్యతరగతికి అంతర్జాతీయ రవాణా అంటే కొరియర్ కౌంటరే. అమెరికాలోని అమ్మాయికి ఆవకాయ, ఆత్రేయపురం పూతరేకులు పంపడమే అనుభవం. ఆ కౌంటర్లోనైనా కాస్త కళ్లు తెరిచి చూడాల్సింది. కుర్రాడు పెట్టెను కాటా మీద పెట్టి ఊరుకోడు. టేపు తీసి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, గుణించి, 5000తో భాగిస్తాడు. 40, 40, 30 సెంటీమీటర్ల పెట్టె అయితే లోపల నాలుగు కిలోల పూతరేకులే ఉన్నా తొమ్మిదిన్నర కిలోలకు పైగా బిల్లు వేస్తాడు. అమ్మాయి మీద ప్రేమతో కడతాం, తప్పు లేదు. న్యూజెర్సీ సూపర్ మార్కెట్ రొయ్య మీద అంత ప్రేమ చూపించదు.

విమానానికి పని లేదని కాదు. కోరంగి మడ అడవుల్లో పట్టిన మడపీతను చూడండి. పెద్ద కాళ్లు రెండూ తాడుతో బిగించి కట్టి, తడి ఆరకుండా గాలి ఆడే పెట్టెల్లో సర్ది, రాత్రికి రాత్రి చెన్నై విమానాశ్రయానికి బండి కడతారు. ప్రాణంతో సింగపూర్ చేరితేనే దానికి ధర. దారిలో చస్తే సున్నా. వేలంలో లక్షలు పలికే కచిడి చేప గాలితిత్తికి విమాన కిరాయి ఒక భారమే కాదు. హైదరాబాద్ మందులకూ అంతే. అసలు మన రొయ్య పుట్టుకే విమానంతో ముడిపడి ఉంది. 2009లో వనామి రకం రొయ్యకు అనుమతి ఇచ్చినప్పటి నుంచి తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలోనే చెన్నై నీలాంకరై క్వారంటైన్ కేంద్రానికి వస్తున్నాయి. తల్లి విమానంలో దిగుతుంది, పిల్ల ఓడలో వెళుతుంది. తల్లి విలువ లెక్క వేరు, పిల్ల విలువ లెక్క వేరు. ఆ పిల్ల విలువ కిలోకు 584. ఈ మాత్రం తేడా తెలిస్తే విధానం సగం కుదిరినట్టే.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? యానాం వంతెన మీద ఓ సాయంత్రం నిలబడితే చాలు. ఎదుర్లంక వైపు నుంచి రొయ్యల లారీలు నీళ్లోడుతూ 216వ జాతీయ రహదారి మీద కాకినాడ వైపు పోతుంటాయి. యానాం నుంచి కాకినాడ రేవు ముప్ఫై కిలోమీటర్లే. ప్లాంటులో తల తీసి, వలిచి, గడ్డకట్టించాక మాత్రం ఎక్కువ సరుకు రోడ్డు మీద విశాఖకే చేరుతుంది. కాకినాడలో బియ్యం బస్తాలు బార్జీలెక్కి హోప్ ఐలాండ్ చాటున లంగరేసిన ఓడల దాకా వెళతాయి. అదే రేవు నుంచి కొలంబోకో విళింజానికో తేదీ తప్పని ఫీడరు ఓడ నడపండి. రీఫర్లకు సరిపడా ప్లగ్గులు, కోత లేని కరెంటు ఇవ్వండి. ఒక్కో రూపాయి మిగిలేది అక్కడే. 1839 తుపాను తర్వాత, మేటలు వేసిన మొగ వల్ల కోరంగి రేవు చితికిపోతే ఈ డెల్టా వ్యాపారులు సముద్రాన్ని వదిలేసుకోలేదు, రేవును కాకినాడకు మార్చుకున్నారు. ఆ పాటి బుద్ధి మనకు ఉండొద్దా?

అంతకన్నా ముందు చేయాల్సింది పరీక్షలు. యాంటీబయాటిక్ ఆనవాళ్ల భయంతో ఐరోపా సమాఖ్య 2016లో మన చెరువు రొయ్య కన్‌సైన్‌మెంట్లలో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. తిరస్కరించిన కంటైనర్లో పోయేది మూడో వంతు కాదు, మొత్తం 584. పరీక్షలో తప్పిన సరుకు ఓడలో వెళ్లినా, విమానంలో వెళ్లినా వెనక్కే వస్తుంది. మండలానికో నమ్మకమైన ల్యాబు పెట్టడానికి రన్‌వే అంత ఖర్చు కాదు. కానీ ల్యాబుకు రిబ్బను కత్తిరిస్తే టీవీలు రావు. విమానం ముందు నిలబడితే ఫొటో బాగా పడుతుంది. ఎయిర్ కార్గో మీద మన నాయకుల ప్రేమకు ఇంతకు మించిన రహస్యం ఏమీ లేదు. దానికి ఆర్థిక శాస్త్రం ముసుగు కప్పి సంపాదకీయ పేజీల్లో రాసిపెడుతున్నవాళ్లనే ఎక్కువ తప్పుపట్టాలి. నాయకుడికి ఓటు అవసరం, వీళ్లకేం అవసరం?

కాబట్టి ఒక్కటే షరతు. ఇకపై రొయ్య కోసం కార్గో విమానం అన్న ప్రతి ప్రకటనలోనూ, ప్రతి వ్యాసంలోనూ కిలోకు కిరాయి ఎంతో, ఆ కిరాయి 584లో ఎవరి వాటాలోంచి కోస్తారో రెండు ముక్కలు రాయండి. రైతు వాటాలోంచి అయితే ఆ మాట చెరువు గట్టుకు వచ్చి చెప్పండి. రాయలేరా? అయితే రొయ్య పేరు ఎత్తకండి. విమానాశ్రయం మీకు కావాలంటే మీ కోసమే అని చెప్పి కట్టుకోండి.