రిపోర్టుల్లో దొరకని నొప్పి

తలనొప్పి అంటారు, స్కానింగ్‌లో ఏమీ ఉండదు. గుండెదడ అంటారు, ఈసీజీ బాగానే ఉంటుంది. డాక్టర్లు మారుతుంటారు, రిపోర్టుల ఫైలు లావవుతుంటుంది. చివరికి ఇంట్లోవాళ్లు ‘అంతా నటన’ అని తేల్చేస్తారు. సంఘంలోనైతే కొందరు ఇంకో అడుగు ముందుకేసి ‘విశ్వాసం చాలలేదు’ అంటారు, లేదా దురాత్మ అంటారు.

మనోవేదన శరీరంలో నొప్పిగా బయటపడటం నటన కాదు. భయం, దిగులు కలిగినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, మెడ కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణం గాడి తప్పుతుంది. 1990లో జపాన్ వైద్యులు ఒక గుండె సమస్యను వర్ణించారు. ఆప్తుల మరణం వంటి దెబ్బకు గుండె ఎడమ గది ఆకారమే కొంతకాలం మారిపోతుంది. లక్షణాలు అచ్చం గుండెపోటువే. ‘గుండె పగిలింది’ అని మన పెద్దలు ఊరికే అనలేదు!

బైబిల్లో హన్నాను చూడండి (1 సమూయేలు 1). పిల్లలు లేరని సవతి పెనిన్నా ఏటేటా దెప్పుతుంటే ఆమె తిండి మానేసి ఏడ్చేది. షిలోహు మందిరంలో గొంతు పెగలక పెదవులు మాత్రమే కదులుతుంటే, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. కళ్లతో చూసింది నిజమే, దానికి చెప్పుకున్న అర్థమే తప్పు! కాపరులమైన మనం ఇక్కడ కాసేపు ఆగాలి. ఆమె తన దుఃఖం చెప్పుకున్నాక ఏలీ ఆమెను సమాధానంతో పంపాడు. హన్నా వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దుఃఖం పోయింది. సమూయేలు ఇంకా కడుపున పడలేదు సుమా! సమస్య తీరకముందే ఆకలి తిరిగొచ్చింది.

అలాగని ప్రతి నొప్పినీ మనసు మీదికి నెట్టకూడదు. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాగే నీరసం, దడ తెస్తాయి. ముందు పరీక్షలు జరగాలి. ఆ తర్వాత డాక్టరు మానసిక వైద్యుడి పేరు చెబితే ‘మేమేమైనా పిచ్చివాళ్లమా’ అని కోపమెందుకు? షుగర్ మాత్రకు లేని సిగ్గు దీనికేల? ప్రార్థన చేశాం, మందులు మానెయ్యండి అనే సేవకుల మాట మాత్రం వినకండి. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్‌కు, 14416 నంబరులో, ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఉపవాస ప్రార్థనలో ఒక సహోదరి నడుంనొప్పి అంటే, తలమీద చేతులుంచి పంపడానికి నిమిషం చాలు. ‘ఎప్పట్నుంచమ్మా? ఇంట్లో అంతా బాగేనా?’ అని అడిగితే ఒక పూట పట్టవచ్చు. ఆ పూట ఇవ్వాలి. ఆమె చెప్పింది ఆదివారం ప్రసంగంలో ఉదాహరణ కాకూడదు.