మ్యాచ్ లేని రోజున అభిమాని ఆరోగ్యం

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ జరిగే రోజున నాచారం నుండి ఉప్పల్ కూడలి వరకు గల ప్రాంతం ఎలా ఉంటుందో ఇక్కడి పాఠకులకు వర్ణించనవసరం లేదు. మెట్రో స్టేషన్ మెట్ల మీద నారింజ రంగు చొక్కాలు, రాత్రి పదకొండున్నర దాటినా తగ్గని హారన్ల మోత మనకు అలవాటైనవే. ఆ రోజును గురించి పత్రికలు, టీవీలు కావలసినంత చెబుతాయి. మ్యాచ్ లేని రోజును గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. వైద్యుని దృష్టితో చూస్తే అభిమాని ఆరోగ్యం బయటపడేది ఆ రోజుననే.

లెక్క చూడండి. 2024 ఐపీఎల్ మార్చి 22న మొదలై మే 26న ముగిసింది. ఆ 66 రోజులలో సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు మైదానంలో ఆడినది 16 రోజులు మాత్రమే. ఉప్పల్‌లో మరొక మ్యాచ్ ఒక్క బంతి కూడా పడకుండానే వర్షార్పణమయింది. అంటే సీజన్ జోరుగా సాగుతున్న కాలంలో కూడా మన అభిమానికి 50 రోజులు తన జట్టు ఆట లేనివే. సీజన్ ముగిసిన తరువాత నెలల తరబడి అదే పరిస్థితి. ఈ వెలితి ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా కూడా వచ్చిపడుతుంది. 2020లో కరోనా కారణంగా మార్చి 29న మొదలు కావలసిన ఐపీఎల్ సెప్టెంబరు 19 వరకు మొదలు కాలేదు. అది కూడా ఎడారి దేశంలో, ఖాళీ స్టాండ్ల మధ్య జరిగింది. 2025లో సరిహద్దు ఉద్రిక్తతల వలన మే 9న టోర్నీ నిలిచిపోయింది. ఆ మరునాడు ఉప్పల్‌లో జరగవలసిన కోల్‌కతా మ్యాచ్ తరువాత ఢిల్లీకి తరలిపోయింది.

వెలితి జబ్బు కాదు

"మ్యాచ్ లేకపోతే మావాడికి పిచ్చెక్కినట్టుంటుంది డాక్టరు గారూ" అని ఇంటివారు అనడం నేను అనేక పర్యాయాలు విన్నాను. ఈ మాటను నేను అంగీకరించను. ప్రతి దినం ఒకే వేళకు మెదడు ఒక ఉత్సాహానికి అలవాటు పడినప్పుడు, ఆ వేళకు అది లభించకపోతే కొంత చికాకు, కొంత తోచకపోవడం సహజం. ఆట మొదలు కాకముందే, ఏమి జరుగుతుందోనన్న నిరీక్షణలోనే మెదడులో డోపమైన్ అనే రసాయనం చురుకుగా పనిచేస్తుంది. సాయంత్రం ఏడున్నరకు చేయి రిమోట్ వైపు పోవడం, పదిసార్లు ఫోన్ తీసి చూడటం ఆ అలవాటు ఆనవాళ్లే. నాలుగు రోజులు పోతే అవి వాటంతట అవే సద్దుమణుగుతాయి. దీనికి మందు అవసరం లేదు, వెక్కిరింత అంతకన్నా అవసరం లేదు.

పైగా మ్యాచ్ లేని రోజు దేహానికి చేసే మేలు కూడా ఉంది. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతపు వైద్యులు ఒక పరిశీలన చేసి, 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. జర్మనీ జట్టు ఆడిన రోజులలో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజుల కంటె 2.66 రెట్లు నమోదయ్యాయి. అంతకు ముందే గుండె జబ్బు ఉన్నవారిలో ఈ పెరుగుదల మరింత అధికం. ఆఖరి ఓవరు ఉత్కంఠలో రక్తపోటు, నాడి వేగం పెరగడం మనందరి అనుభవమే. అటువంటి రాత్రుల నడుమ వచ్చే విశ్రాంతి దినాలు గుండెకు కావలసినవే.

పూర్వం ఏమి చేసేవారు?

నా తరం వారికి మ్యాచ్ లేని రోజులే ఎక్కువ. ఉమ్రిగర్ 1955లో ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్ మీద 223 పరుగులు చేసి, టెస్టులలో భారతదేశానికి మొదటి ద్విశతకం అందించిన సంగతిని మా పెద్దలు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఏడాదికొకమారు టెస్టు వస్తే అదృష్టం. మిగిలిన రోజులలో రేడియోలో విన్నదానిని, పత్రికలో చదివినదానిని ఇరానీ హోటల్‌లో చాయ్ ముందు కూర్చొని జైసింహా, పటౌడీల పేరిట వాదించుకునేవారు. సాయంత్రం కాగానే సందులో ఇటుకలు నిలబెట్టి తామే ఆడేవారు.

అమెరికాలో బేస్‌బాల్ అభిమానుల కథ కూడా ఇటువంటిదే. అక్కడ ఒక్కొక్క జట్టు సుమారు ఆరు నెలలలో 162 ఆటలు ఆడుతుంది. ఆ తరువాత చలికాలమంతా మైదానాలు మూతపడి ఉంటాయి. ఆ కాలంలో అభిమానులు వెచ్చని పొయ్యి చుట్టూ చేరి గడచిన ఆటలను, రాబోయే ఆటగాళ్లను గురించి ముచ్చటించుకునేవారు. ఆ ముచ్చట్లకు 'హాట్ స్టవ్ లీగ్' అనే పేరే స్థిరపడిపోయింది. దేశం ఏదైనా, ఆట లేని కాలాన్ని మనుషులు మనుషులతోనే నింపుకున్నారు.

నేడు ఆ ఖాళీని ఫోన్ నింపుతున్నది. నా ఆందోళనకు కారణం అదే. మన జట్టు ఆడకపోతే మరొక జట్టు, మన దేశంలో లేకపోతే కరీబియన్ దీవులలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఏదో ఒక లీగ్. అవీ లేకపోతే అర్ధరాత్రి వరకు పాత హైలైట్లు. విశ్రాంతి దినం కూడా నిద్ర చెడిన రాత్రిగానే ముగుస్తున్నది.

అసలు ప్రమాదం పందెం

ఖాళీ దినాన్ని నింపే వాటిలో అతి హానికరమైనది పందెం. తన జట్టు మీద మమకారంతో మ్యాచ్ చూసేవాడు అభిమాని. పేరు కూడా తెలియని రెండు విదేశీ జట్ల మీద అర్ధరాత్రి డబ్బు కాసేవాడిని ఆటకు కట్టిపడవేసినది మమకారం కాదు. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో చేర్చింది. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే డబ్బుతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. చట్టం ద్వారం మూయగలదు గాని కిటికీలన్నీ మూయలేదు. నాచారం పారిశ్రామిక వాడలో నెల జీతం మీద బ్రతికే యువకునికి ఒక్క రాత్రి నష్టం ఇంటి అద్దెతో సమానం. పోయినదానిని రాబట్టాలన్న తపనతో అప్పు, అప్పును దాచడానికి అబద్ధం, చివరకు బ్రతుకు మీద విరక్తి: ఈ మెట్లు ఎంత వేగంగా దిగిపోతారో కుటుంబాలకు తెలిసేసరికి ఆలస్యమవుతున్నది.

కనుక ఇంటివారు గమనించవలసినవి ఇవి: మ్యాచ్ లేని రోజున కూడా ఫోన్ దాచుకొని చూడటం, అడిగితే మండిపడటం, కారణం చెప్పని అప్పులు, రెండు వారాలకు మించి నిద్రలేమి లేదా దిగులు. ఇవి కనిపిస్తే తిట్టవద్దు. పక్కన కూర్చొని మాట్లాడండి. ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో కూడా లభిస్తుంది. ఎవరైనా చనిపోతానన్న మాట పలికితే వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొనివెళ్లండి.

ఆ నాలుగు గంటలతో ఏమి చేయవచ్చు?

ఏడున్నర నుండి పదకొండున్నర వరకు మ్యాచ్ తీసుకునే నాలుగు గంటలను ఖాళీ దినాన ఇలా వినియోగించుకోవచ్చునని నా సలహా.

మొదటిది, నడక. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు వేగంగా నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 150 నిమిషాలు పూర్తవుతాయి. ఉప్పల్ కూడలి రద్దీలో రోడ్డు మీద నడవమని నేను చెప్పను. దగ్గరలోని పార్కు గాని, కాలనీ లోపలి వీధులు గాని మేలు.

రెండవది, నిద్ర. మ్యాచ్ రాత్రులలో కోల్పోయిన నిద్రను తిరిగి సర్దుకునే అవకాశం ఇదే. పదిన్నరకు ఫోన్‌ను మరొక గదిలో పెట్టి పడుకోండి. పెద్దవారికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి.

మూడవది, ఆహారం. మ్యాచ్‌తో పాటు వచ్చే మిర్చి బజ్జీలు, చిప్స్ ప్యాకెట్లు, శీతల పానీయాలు మ్యాచ్ లేని రోజున కూడా అలవాటుగా కొనసాగుతుంటాయి. రోజుకు ఉప్పు ఐదు గ్రాములు మించరాదు. ఆ సాయంత్రం ఇంటి భోజనం త్వరగా ముగించండి.

నాలుగవది, పరీక్ష. రక్తపోటు ఉన్నవారు ఖాళీ దినాన ఉదయం, కాఫీకి ముందు, ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చొని కొలుచుకొని వ్రాసుకోండి. మాత్రలు మాత్రం మ్యాచ్ ఉన్నా లేకున్నా మానరాదు.

ఐదవది, ఆట. చూడటం కంటె ఆడటం మేలు. నలభై దాటినవారు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకొని, మెల్లగా మొదలుపెట్టాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవారు వైద్యుని అడిగిన తరువాతనే ఆడాలి.

పెద్దవారిని మరవవద్దు

చివరగా నా వయసు వారిని గురించి ఒక మాట. పిల్లలు విదేశాలలోనో, గచ్చిబౌలిలోనో ఉండి, జీవిత భాగస్వామి గతించిన తరువాత, అనేకమంది వృద్ధులకు క్రికెట్ కేవలం ఆట కాదు. ఇంట్లో వినబడే మనిషి గొంతు కామెంటేటర్‌దే. మ్యాచ్ రోజున కొడుకు ఫోన్ చేసి "చూస్తున్నావా నాన్నా?" అని అడుగుతాడు. మ్యాచ్ లేని రోజున ఆ ఫోన్ మోగదు. ఆయన ఎదుర్కొనే సమస్య క్రికెట్ లేకపోవడం కాదని గ్రహించండి. వృద్ధులలో ఒంటరితనం గుండెకు, జ్ఞాపకశక్తికి, మనస్సుకు చేటు చేస్తుందని వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతున్నది.

అందువలన కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు, అల్లుళ్లకు నా విన్నపం ఒక్కటే: మ్యాచ్ లేని రోజున ఫోన్ చేయండి. మాట్లాడటానికి ఏమీ తోచకపోతే 2009లో సచిన్ ఉప్పల్‌లో 175 చేసినా మనం మూడు పరుగుల తేడాతో ఎందుకు ఓడిపోయామని అడగండి. సమాధానం అరగంటకు తక్కువ ఉండదు.