‘గారు’ను ఇంగ్లీషులో ఏమనవలెను?

ఉర్దూ వ్యాసమును తెలుగులోనికి మార్చునపుడు మర్యాద విషయమున మాకు పెద్ద చిక్కు లేదు. ‘ఆప్’ అన్నచోట ‘మీరు’ అనియు, ‘సాహెబ్’ అన్నచోట ‘గారు’ అనియు వ్రాసి ముందుకు పోవుదుము. ఆ రెండింటిలో దేనినైనను ఇంగ్లీషులోనికి తీసికొనిపోవునపుడే కలము ఆగును.

పూర్వము మద్రాసు రాజధాని దొరతనమువారు ఈ చిక్కును తమ పద్ధతిలో తీర్చుకొనిరి. ఇంగ్లీషు కాగితములలో సైతము తెలుగువారి పేరు చివర ‘గారు’ అనియు, తమిళుల పేరు చివర ‘అవర్గళ్’ అనియు అట్లే ఉంచిరి; పేరుకు ముందరి ‘మహారాజరాజశ్రీ’ని మాత్రము పొడి అక్షరములకు కుదించిరి. స్పానిష్ నవలానాయకుడైన డాన్ క్విక్సోట్ కూడ 400 ఏండ్లుగా ఇంగ్లీషులో ‘డాన్’గానే ఉన్నాడు, ‘మిస్టర్’ కాలేదు. ఆ స్పానిష్ వారి ‘ఉస్తెద్’ అను గౌరవ సర్వనామము ‘తమ దయ’ అను అర్థముగల పాతమాట అరిగి ఏర్పడినది. ‘హుజూర్’ అనగా సన్నిధి. మన పాత అర్జీలలోని ‘సముఖమునకు’ అనునదియు అదియే. మనిషిని నేరుగా పిలుచుటకు జంకి, అతని దయను, సన్నిధిని పిలుచుట పలుదేశములవారికి అలవాటే కాబోలు!

కనుక ‘గారు’, ‘సాహెబ్’లను ఇంగ్లీషులోను అట్లే ఉంచవలెనని మా అభిప్రాయము. ‘రెస్పెక్టెడ్ సర్’ అని అతికించుట కృతకము.

సర్వనామముల సంగతి ఇంత తేలిక కాదు. రోలుగుంట రైతు ఒకడు అర్జీ పట్టుకొని పట్నపు కచేరీకి పోయి ‘తమరు చిత్తగించాలి బాబుగోరూ’ అనుననుకొందము. తండ్రి వయసున్న ఆయనను లోపలివారు ‘ఎవరు నువ్వు?’ అని అడుగుదురు. దీనిని ఇంగ్లీషులో వ్రాసి చూడుడు. ఇరువైపులను ‘యూ’యే! ‘దౌ’ అను ఏకవచనము ఇంగ్లీషువారి సాధారణ వాడుకనుండి ఎన్నడో జారిపోయినది. క్వేకరు మతస్థులు మాత్రము చిన్న పెద్ద తేడా లేక అందరిని దానితోనే పిలిచి పెద్దల ఆగ్రహమునకు గురియైరి. నేటి ఇంగ్లీషు చదువరికి ఇద్దరు సమానులు మాటలాడుకొనినట్లు తోచును. జరిగిన అవమానము అనువాదములో మాయమగును.

కథలో నైనను, వాంగ్మూలములో నైనను ఇది చిన్న లోపము కాదు. అనువాదకుడు ఒక వాక్యము అదనముగా వ్రాసియైనను, ఆ అధికారి ఏకవచనము వాడెనని తెలుపవలెను. మూలములో లేని వాక్యమని పండితులు ఆక్షేపింతురు గాక. అది మూలములో ఉన్నది, ఆ ఒక్క ‘నువ్వు’లో ఉన్నది.

మరొక విన్నపము. కళాశాల సంచికలలో అధ్యాపకుల పేర్ల వెంట ‘గారు’ ఉండును, గంట కొట్టు అటెండరు పేరు వెంట తరచుగా ఉండదు. ఇంగ్లీషు పుటలలో ఆ మాటను నిలుపుచున్నపుడే, తెలుగు పుటలో ఆయన పేరు వెంటను దానిని చేర్చవలసినదిగా కమిటీ పెద్దలను కోరుచున్నాము.